ఈ పటము వ్రాసిన దెవరు?

ఒక చిత్రపటమును మన యెదుట పెట్టినప్పుడు మనలో ననేకులు మొదట చూచునది పటమును గాదు. దాని క్రింద నున్న పేరును. పేరు గొప్పదైనచో కన్ను విప్పారును, ప్రశంస నోట సిద్ధముగా నుండును. పేరు లేనిచో ఒక నిమిషము చూచి ముందునకు సాగిపోవుదుము. పద్యము విషయమునను ఇంతియే. ఇది మనుష్యస్వభావమని చెప్పి విడిచిపెట్టదగినది కాదు. ఏలయన, పేరునుబట్టి వస్తువును గౌరవించువా డున్నంతకాలము, వస్తువునకు పేరంటించి అమ్మువాడును ఉండును. మొదటివాని బలహీనతయే రెండవవాని జీవనోపాధి.

ఈ వ్యాసమున నేను విచారింపబూనిన ప్రశ్న యిది: ఒక కృతికి కర్త యెవరు, కాల మేది యని నిర్ణయించువాని ధర్మ మేమి? అది పాండిత్యమునకు మాత్రమే సంబంధించిన పనియా, లేక సత్యమునకు సంబంధించిన పనియా? ఇందులకు చీనాదేశపు ప్రాచీన చిత్రములను, లిపిరచనలను ఉదాహరణముగా గైకొనుచున్నాను. ఆ దేశమున చిత్రలేఖనమును అక్షరలేఖనమును తోబుట్టువులు. రెండింటికిని కుంచెయు సిరాయునే సాధనములు. కర్తృనిర్ణయమును గూర్చి అక్కడ జరిగినంత సుదీర్ఘమైన చర్చ అరుదు. నా యధికారము స్వల్పమని ముందే చెప్పుకొనుట న్యాయము. చీనాభాష నాకు రాదు. ఇంగ్లీషు గ్రంథములవలనను, అచ్చుపటములవలనను తెలిసికొన్నదే నాకు తెలిసినది. ధర్మవిచారమున కాపాటి చాలునని నమ్మి వ్రాయుచున్నాను.

చీనా పట మనగా అద్దము బిగించి గోడకు తగిలించునట్టిదని తలపరాదు. పట్టుపైన గాని కాగితముపైన గాని వ్రాసి, వెనుక కాగితపు పొరలతికించి, చుట్టగా చుట్టి పెట్టెలో భద్రపఱతురు. కొన్నిటిని అడ్డముగా కొంచెము కొంచెము విప్పుచు చూడవలెను. కొన్నిటిని నిలువుగా వ్రేలాడదీసి చూడవలెను. చిత్రకారుడు తన పేరు వ్రాసి ముద్ర వేయవచ్చును, వేయకపోవచ్చును. తరువాత దానిని సంపాదించినవారు తమ తమ యెఱ్ఱని ముద్రలను దానిపై నొత్తుదురు. చదువుకొన్నవారైనచో, చివర నతికించిన కాగితముపై దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుదురు. ఇట్లు కొన్ని వందల యేండ్లు గడచునప్పటికి ఆ చుట్ట చిత్రము మాత్రమే కాక, తరతరముల సాక్షులు వాఙ్మూలము లిచ్చిన వ్యవహారపత్రమువలె నగును. ఆ సాక్షులలో సత్యవాదులుందురు, పొరబడినవారుందురు, కూటసాక్షులును ఉందురు. వారిని వేఱుపఱచుటయే కర్తృనిర్ణయము.

మన నైయాయికులు చెప్పు ప్రమాణములలో శబ్దము, అనుమానము, ప్రత్యక్షము అను మూడును ఈ పనిలో నెట్లు ప్రవర్తించునో చూతము.

మొదటిది శబ్దము, అనగా పటముపై నున్న పేరు, ముద్ర, చివరి వ్రాతలు. సుంగ్ వంశకాలమున జాంగ్ జదువాన్ వ్రాసిన ‘ఛింగ్‌మింగ్ షాంగ్‌హ తూ’ అను పొడవైన పటము పెకింగు రాజప్రాసాద సంగ్రహాలయమున కలదు. నదియు, వంతెనయు, అంగళ్లును, జనసమ్మర్దమును గల యొక నగరము దానిలో కన్నులకు కట్టినట్లుండును. అంతటి పటముపై చిత్రకారుని పేరు లేదు. ఆతని పేరు మనకు తెలియుట, 1186లో జాంగ్ జూ అను నతడు చివర వ్రాసిన వాక్యములవలన. ఆ యొక్కడు ఆనాడు కలము పట్టకున్నచో, ఈనాడు ఆ పటము పేరులేనిదే యగును. ఒక సాక్షి మాటకు గల విలువ యింతటిది. కాని శబ్దము ప్రమాణ మగుటకు వక్త ఆప్తుడు కావలెను. మింగ్, చింగ్ వంశముల కాలమున సుచౌ నగరపు పనివారు ఈ పటమునకే యెన్నియో మాఱుపటములు తయారుచేసి, వానిపై ప్రసిద్ధుల పేర్లు వ్రాసి అమ్మిరి. అక్కడ పేరున్నది, ఆప్తత లేదు.

పేరు కొన్నిచోట్ల ఉండియు కానరాదు. ఫాన్ క్వాన్ అను చిత్రకారుడు సుమారు 1000వ సంవత్సర ప్రాంతమున వ్రాసినట్లు ప్రసిద్ధమైన పట మొకటి తైపే నగరపు జాతీయ రాజప్రాసాద సంగ్రహాలయమున నున్నది. దాని నిలువు 206 సెంటీమీటర్లకు మించును. పటమున ముప్పాతిక వంతు ఒక మహాపర్వతమే; అడుగున, రాళ్ల నడుమ, బరువులు మోయు కంచరగాడిదలను తోలుకొని పోవు బాటసారులు చీమలవలె కనబడుదురు. మింగ్ కాలపు పండితుడు దుంగ్ చీచాంగ్ దీనిని ఫాన్ క్వాన్ రచనగా పేర్కొని పటపు పైయంచున వ్రాసెను. అయినను చిత్రకారుని చేవ్రాలు మాత్ర మెవరికిని కానరాలేదు. 1958లో ఆ సంగ్రహాలయపు విద్వాంసుడు లీ లిన్‌త్సాన్, ఆ గాడిదల వెనుకనున్న చెట్టు ఆకులలో రెండక్షరములను కనుగొనెను. అవి ‘ఫాన్ క్వాన్’ అనునవియే. తొమ్మిది వందల యేండ్లకు పైగా చూచినవా రెందఱో కలరు. ఆకులను ఆకులుగా ఓపికతో చూచినవానికి పేరు దొరికినది. అయినను ఇక్కడను శంకకు తావున్నది. క్వాన్ అనునది ఆతని జన్మనామము కాదు. ఉదారస్వభావుడగుటచే జనులు పిలిచిన పేరు. పరులు పిలిచిన పేరును తన పటముపై తానే వ్రాసికొనునా యని యడుగవచ్చును. చేవ్రాలు దొరికినంత మాత్రమున విచారణ ముగియదని చెప్పుటకే దీనిని పేర్కొంటిని.

రెండవది అనుమానము. చీనాలో రాజుల స్వనామములను వ్రాయుట అపచారము. చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి (1661–1722) అసలు పేరు షువాన్‌యే. కావున ఆ కాలమునుండి ‘షువాన్’ అను నక్షరమును వ్రాయవలసివచ్చినప్పుడు చివరి గీతను విడిచి వ్రాయుటయో, మాఱుగా వేఱొక అక్షరమును వాడుటయో ఆచారమయ్యెను. మింగ్ వంశము 1644లో అంతరించినది. మింగ్ కాలపుదని చెప్పబడు నొక లిపిరచనలో ఆ యక్షరము చివరి గీత లేకుండ నున్నచో, అది తరువాతి వాని చేతిపని యని చెప్పుటకు సంకోచింప నక్కఱలేదు. కాని గీత పూర్తిగా నున్నంత మాత్రమున అది ప్రాచీన మని చెప్పరాదు. జాగరూకుడైన కూటలేఖకుడు గీతను విడువడు. పొగ యున్నచోట నిప్పున్నదని చెప్పవచ్చును. పొగ లేనంత మాత్రమున నిప్పు లేదనరాదు. తర్కమున తొలినాటి పాఠ మిదియే. బేరము కుదిరిన వేళ మొదట మఱచునదియు నిదియే.

కాలనిర్ణయమున మఱియొక చిక్కున్నది. మనకు ప్రభవాదులవలె వారికిని అరువది సంవత్సరముల చక్ర మున్నది. పటముపై సంవత్సరము పేరు మాత్రమే వ్రాసినచో, అది ఆ యావృత్తమందలిదో, అరువదేండ్లు ముందుదో వెనుకదో తెలియదు. గువో షీ వ్రాసిన ‘తొలివసంతము’ అను పటముపై అట్టి సంవత్సరనామ మున్నది. ఆతడు ఏ చక్రవర్తి కొలువున నుండెనో వేఱు ఆధారములవలన తెలియుటచేత దానిని 1072గా నిశ్చయించిరి. పట్టుబట్టయు సాక్ష్యమే గాని, అదియు నొకవైపు మాత్రమే పలుకును. క్రొత్త పట్టుపై పాత చిత్ర ముండనేరదు. పాత పట్టుపై క్రొత్త చిత్రము సులభముగా నుండవచ్చును.

మూడవది ప్రత్యక్షము, అనగా కుంచె నడకను చూచి ‘ఇది ఫలానివాని చేయి’ యని గుర్తించుట. దీనిని మనవారు ప్రత్యభిజ్ఞ యందురు. పూర్వము చూచిన దేవదత్తుని మరల చూచి ‘ఆతడే యీతడు’ అనుటవంటిది. అయితే దేవదత్తుని మనము మునుపు చూచియున్నాము. వేయేండ్లనాటి చిత్రకారుని చేతిని చూచినవా రెవరు? ఆతనివని చెప్పబడు పటములే మనకు గల చూపు. ఇక్కడ తార్కికులు అన్యోన్యాశ్రయమని చెప్పు దోషము పొంచియున్నది. ఈ పటము లీ చెంగుది యేల? ఆతని శైలిలో నున్నది గనుక. ఆతని శైలి యెట్టిది? ఈ పటములందున్నట్టిది! లీ చెంగు 967లో మరణించెను. ఆ తరువాత నూఱేండ్లు దాటిన కాలమున జీవించిన మీ ఫూ (1051–1107) అను మహాలేఖకుడు, లీ చెంగు పటములలో నిజమైనవి తాను చూచినవి రెండే యనియు, కూటపటములు మూడువంద లనియు వ్రాసి, ఇక లీ చెంగు అనువాడే లేడని వాదము చేయదలచితి నని వాపోయెను. ఇదే మీ ఫూ ఇతరుల పటములను ఎరువు తెచ్చి, వానికి ప్రతులు వ్రాసి, యజమానులకు నిజపటమునకు బదులు ప్రతినిచ్చి పంపుచుండెడివాడని యొక కథ యున్నది. న్యాయాధిపతియు నేరస్థుడును ఒక్క శరీరముననే యుండగల రనుట కిది యుదాహరణము.

కావున మూడు ప్రమాణములలో ఏదియు నొంటరిగా చాలదు. ఒకటి మఱియొకదానిని అదుపులో నుంచవలెను. ఇంతవఱకు పాండిత్యపు మాట. ఆ మూడు ప్రమాణములును చేతిలో నుండగా, వానిని చూడ నొల్లని మనస్సు మనుష్యునకు గలదు. దీనికి చీనా చరిత్రలో ఒక చక్రవర్తి కథ సాక్ష్యము.

యువాన్ కాలపు మహాచిత్రకారుడు హువాంగ్ గుంగ్‌వాంగ్ (1269–1354) తన వృద్ధాప్యమున ఫూచున్ నదీతీరపు కొండలను పొడవైన కాగితపు చుట్టపై వ్రాయ నారంభించి, తీరికవేళల నించుక యించుకగా మూడు నాలుగేండ్లు వ్రాసెను. అది తావోమతస్థుడైన వూయుంగ్ అను మిత్రుని కొఱకు. ఎవడైన యుక్తిచేతనో బలముచేతనో దీనిని హరించునని ఆ మిత్రుడు భయపడి, ఇది తన కొఱకు వ్రాసినదని ముందుగనే వ్రాసియిమ్మని కోరెను. హువాంగ్ 1350లో చుట్ట చివర ఆ సంగతినే వ్రాసి యిచ్చెను. పేరును వ్రాయుట ఇక్కడ కీర్తికొఱకు గాదు. స్నేహితుని సొత్తునకు రక్షగా.

ఆ పటము చేతులు మాఱెను. 1650లో దాని నాటి యజమానుడు అవసానకాలమున దానిని నిప్పులో వేయుడని యాజ్ఞాపింపగా, బంధువొకడు దానిని మంటలోనుండి లాగి రక్షించెను. అప్పుడది రెండు ముక్కలయ్యెను. చిన్నముక్క నేడు హాంగ్‌జౌ నగరమున జజియాంగ్ రాష్ట్ర సంగ్రహాలయమునందును, పెద్దముక్క తైపేయందును ఉన్నవి. 2011లో రెండింటిని తైపేలో ఒక్కచోట ప్రదర్శించిరి.

చింగ్ వంశపు చియెన్‌లుంగ్ చక్రవర్తి 1735లో రాజ్యమునకు వచ్చి 1796 వఱకు పాలించినవాడు, పటములన్న ప్రాణము. 1745లో హువాంగ్ గుంగ్‌వాంగ్ వ్రాసిన ఫూచున్ కొండల పటమని యొకటి ఆతని చేతికి వచ్చెను. అది నిజమునకు నకలు. అందు కూటమైన చేవ్రాలు గలదు. చక్రవర్తి దానిని చూచి మురిసి, నిజమైన దనుకొని, దానిపై వ్రాయ మొదలిడెను. మఱుసటి సంవత్సరమే నిజమైన పటము రాజాస్థానమునకు వచ్చెను. రెండును ఎదురెదురుగా నున్నవి. పోల్చి చూచుటకు కావలసిన ప్రమాణములన్నియు నున్నవి. చక్రవర్తి చూచెను, చూచి, క్రొత్తగా వచ్చినదే నకలని తీర్పు చెప్పెను! ఆతని యాజ్ఞపై ఆస్థానపండితుడు లియాంగ్ షీజెంగ్ ఆ మాటను నిజపటముపై వ్రాసెను. పటము నకలైనను కుంచెపని బాగున్నదని చక్రవర్తి దానినిగూడ ఉంచుకొనెను. మొదటి పటమును మాత్రము జీవితాంతము ప్రేమించి, కాలక్రమమున దానిపై 50కి పైగా వ్రాతలు వ్రాసెను. కొండల నడుమ నాకాశమున ఖాళీ యనునది లేకుండ నిండినది. నిజమైన పటము అనాదరమువలన బ్రదికినది. 20వ శతాబ్దమున పండితులు రెండింటిని పరిశీలించి, తీర్పును తలక్రిందులు చేసిరి.

ఈ కథలో నన్ను నిలిపివేసిన దొక్క సంగతి. ‘కుంచెపని బాగున్నది’ యని చక్రవర్తి యనెను. అనగా కన్ను సత్యమును చూచినది. కాని అప్పటికే మొదటి పటముపై చేతితో వ్రాసియుండెను, ముద్ర యొత్తియుండెను. రెండవదానిని నిజమని యొప్పుకొన్నచో, తన మొదటి మాట అసత్యమని సమస్తపండితుల యెదుట నొప్పుకొనవలెను. జ్ఞానము లేక పొరబడినవాడు వేఱు. అన్నమాటను వెనుకకు దీసికొనలేక పొరపాటులో నిలిచినవాడు వేఱు. ఆతని మనస్సులో నేమున్నదో నేనెఱుగను. కాని ఆ స్థితిలో నున్న మనుష్యుల మనస్సులో సాధారణముగా నేముండునో మనమందఱ మెఱుగుదుము. చుట్టునున్న పండితులలో ఒక్కడైన నోరు విప్పి వారించినట్లు పటముపై జాడ లేదు. అధికారము గలవాని తీర్పును దిద్దువా డుండడు. కనుకనే అధికారము గలవానికి ఆత్మపరీక్ష యెక్కువగా కావలెను.

ఇక నకలును గూర్చి ఒక మాట. నకలు వ్రాయుటయే పాపమని నేననను. 6వ శతాబ్ద ప్రాంతమున షియే హో అను నతడు చెప్పిన చిత్రకళాసూత్రములారింటిలో కడపటిది, పూర్వుల రచనలను ప్రతివ్రాసి తరువాతివారి కందించుట. 353లో వాంగ్ షీజీ అను లేఖకచక్రవర్తి, మిత్రులతో లాన్‌తింగ్ అను విహారస్థలమున కూడినప్పుడు వ్రాసిన పీఠిక చీనా లిపికళకు శిరోరత్నము. దాని మూలము లేదు; తాంగ్ వంశపు తాయిజుంగ్ చక్రవర్తి 649లో మరణించినప్పుడు ఆతనితో సమాధి చేసిరని చెప్పుదురు. మనకు మిగిలినవి ప్రతులు. మూలముపై పలుచని కాగితముంచి, ప్రతి యక్షరమునకు అంచు గీసి, ఆ యంచుల నడుమ సిరా నింపి, గురువు చేతివణుకును గూడ విడువక దించిన ప్రతులవి. పెకింగులో నున్న ప్రసిద్ధమైన ప్రతిని ఫెంగ్ చెంగ్‌సూ అను ఆస్థానలేఖకునికి ఆరోపింతురు. ఈ లేఖకులు లేకున్నచో వాంగ్ షీజీ పేరే గాని వ్రాత మన కుండదు. ఆ పీఠిక వాంగ్ షీజీది కానే కాదని 1965లో గువో మోరో వాదింపగా చీనా పండితులలో పెద్ద వివాదము జరిగినది. ఆ వాదమున కెదురు చెప్పినవారును కలరు. శిరోరత్నమని పూజించుదానిని గూడ ప్రశ్నింపవచ్చు ననుటయే అందలి మేలు.

నకలునకును కూటమునకును భేదము కుంచెలో లేదు, మాటలో నున్నది. ‘ఇది ఫలానివాని పటమునకు నేను వ్రాసిన ప్రతి’ అన్నచో అది గురుపూజ. అదే చేతితో అదే పటము వ్రాసి ‘ఇది ఫలానివాడే వ్రాసెను’ అన్నచో అది కూటసాక్ష్యము.

ఈ రెంటికి నడుమ నిలిచినవాడు జాంగ్ దాచియెన్ (1899–1983). ఆతడు మహాచిత్రకారుడు, అందు సందేహము లేదు. 1941 మొదలు రెండేండ్లకు పైగా దున్‌హువాంగ్ గుహలలో నుండి గోడలపై చిత్రములకు ప్రతులు వ్రాసెను. 1950లో మన దేశమునకు వచ్చి, అప్పటికి హైదరాబాదు రాష్ట్రములో నున్న అజంతా గుహచిత్రములను పరిశీలించెను. అట్టివాడే షీతావ్ మొదలగు పూర్వుల పేర కూటపటములను వ్రాసి, గొప్ప పరీక్షకులను మోసగించెను. బోస్టను నగరపు లలితకళా సంగ్రహాలయము 1957లో 10వ శతాబ్దపు గువాన్ తుంగ్ రచనయని నమ్మి కొన్న పటమొకటి, నేడు అదే సంగ్రహాలయపు పట్టికలో జాంగ్ దాచియెన్ పేరిట నున్నది. ఆ సంగ్రహాలయమువారు తమ తప్పును పటముతోపాటు దాచిపెట్టక, పేరు మార్చి పట్టికలో నుంచిరి. చియెన్‌లుంగ్ చేయలేని పని యిది. న్యూయార్కు మెట్రోపాలిటన్ సంగ్రహాలయమున నున్న ‘నదీతీరము’ అను పటము విషయము ఇంకను చిత్రము. దానిని 10వ శతాబ్దపు దుంగ్ యువాన్‌కు ఆరోపింతురు. అది జాంగ్ దాచియెన్ చేతిపని యని జేమ్స్ కాహిల్ అను అమెరికా పండితుడు వాదించెను. 1999లో పండితులు అక్కడ సభచేసి చర్చించిరి, ఏకాభిప్రాయము కుదురలేదు. ఒకే పటము, రెండు తీర్పుల నడుమ వేయేండ్లు!

ఇక్కడ పూర్వపక్షి యొక ప్రశ్న వేయును. ‘పటము అందమైనదే గదా! నిన్నటిదాక ఆనందము నిచ్చిన పటము, పేరు మాఱినంతనే నేడు ఆనందమీయదా? అట్లైనచో నీవు ప్రేమించినది పటమును గాదు, పేరును. పేరుతో పనిలేనివానికి కూటమైన నేమి, నిజమైన నేమి?’

ఈ ప్రశ్నలో సగము సత్యమున్నది. దానిని గౌరవముతో నొప్పుకొనవలెను. పేరు తొలగినంతనే పటమును అటకమీదికి తోయువాడు నిజముగా పటమును ప్రేమింపలేదు. కాని రెండవ సగము సత్యము కాదు. కూటము చేయు హాని కొన్నవానికి మాత్రమే యైనచో అది ధనికుల బాధ. దానికై మనము వగవ నక్కఱలేదు. హాని మఱి ముగ్గురికి గలదు. మొదట, మృతునకు. తన నోట రాని మాటను తన నోట పెట్టినప్పుడు కాదనుటకు ఆతడు లేడు. పిమ్మట, రాబోవువారికి. ఒక కూటపటము నిజమని స్థిరపడినచో, ఇతరపటములను దానితో పోల్చి తూచుదురు. అంగడిలో దొంగరాయి యొక్కటి చేరినచో, ఆ దినమున జరిగిన తూనిక లన్నియు తప్పే. కడపట, కూటలేఖకునికే. చియెన్‌లుంగ్ జీవితాంతము ప్రేమించిన ఆ నకలును వ్రాసినవాడు సామాన్యుడు కాడు. ఒక చక్రవర్తి కన్నును కట్టివేసిన చేయి యది. ఆతని పేరేమి? ఎవరికిని తెలియదు. పరుని పేరు వ్రాసి తన పేరును తానే చెఱిపికొనెను.

ఇంతవఱకు చీనా చక్రవర్తిని విమర్శించితిని. ఇక నా తప్పును చెప్పకున్నచో ఈ వ్యాసమే కూట మగును.

కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలురచేత వర్షాకాలమును గూర్చి వ్యాసము వ్రాయించితిని. ఒక కాగితముపై పేరు లేదు. చదువగా అద్భుతముగా నుండెను. కప్పు కారు ఇంటిలో రాత్రియెల్ల గిన్నెలు మార్చు తల్లిని గూర్చి, ఆ గిన్నెలలో నీరు పడు చప్పుడు నిండినకొలది మాఱుటను గూర్చి అందు వ్రాసియుండెను. తరగతిలో మొదటివాడుగా వచ్చు బాలు డొకడుండెను. ఇంత బాగుగా వ్రాయువా డాతడు గాక మఱెవ్వడని నిశ్చయించి, ఆతని పేరు చెప్పి, తరగతి యెదుట చదివి ప్రశంసించితిని. ఆతడు తలవంచుకొని యూరకుండెను. వినయ మనుకొంటిని. కాగితముపై అక్షరములు గుండ్రముగా నుండెను. బాలుర పుస్తకములన్నియు నా బల్లమీదనే యుండెను. తెఱచి పోల్చి చూచుటకు రెండు నిమిషములు చాలును. చూడలేదు.

సంవత్సరాంతమున పుస్తకములు చూచుచుండగా, వెనుకవరుస బాలుని చిత్తుపుస్తకములో ఆ వ్యాసమే కనబడెను. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో, ఒక్కొక్క వాక్యమునకు రెండు మూడు ప్రయత్నములతో. మందుడని నేను పలుమాఱు లన్న బాలుడాతడు. పిలిచి, ‘ఆనాడే చెప్పలేదేమిరా?’ యని యడిగితిని. ‘మీరు వాడిదన్నారు కదండీ మాస్టారూ. ఇంక నేనేం చెప్పను?’ అనెను. ఆ మాటలో కోపము లేదు. అదియే నన్నెక్కువగా బాధించినది. ఆనాడే తరగతిలో నా తప్పును చెప్పి, ఆతని పేరు చెప్పితిని. కాని ప్రశంసకు ఒక వేళ యుండును, అది దాటినది. మఱుసటి యేడు ఆ బాలుడు మా పాఠశాలకు రాలేదు.

చియెన్‌లుంగునకు పటములెట్లో నాకు బాలుర వ్రాతలట్లు. నేనును కృతిని చూచి కర్తను వెదకలేదు. కీర్తినిబట్టి కర్తను నిశ్చయించి, కృతి నాతని కిచ్చితిని. దాని ఫలముగా ఒక బాలుని సొత్తు పోయినది; మఱియొక బాలుడు మౌనముచేత కూటసాక్షి యయ్యెను. ఆ రెండవ పాపమును నాదే.

సంగ్రహాలయముల పట్టికలలో ‘ఫలానివానిది’, ‘ఫలానివానికి ఆరోపితము’, ‘ఫలానివాని యనుయాయి రచన’, ‘సుంగ్ కాలము, కర్త తెలియదు’ అని వేఱు వేఱు మాటలుండును. చూచువారి కవి నీరసముగా తోచును. నాకిప్పుడు వానిలో ధర్మము కనబడుచున్నది. ప్రమాణ మెంతవఱకు పోవునో మాట అంతవఱకే పోవలె నను వ్రత మది. మన యాంధ్రదేశమునకు చెందిన మల్లినాథసూరి ఈ వ్రతమునే పట్టినవాడు. మూలము లేనిది వ్రాయనని కాళిదాసవ్యాఖ్యాన ప్రారంభముననే ప్రతిజ్ఞ చేసెను. కుమారసంభవమున ఎనిమిది సర్గలకే ఆతని వ్యాఖ్య యున్నది. తరువాతి సర్గలు కాళిదాసువి కావని పలువురి మతము. మనమో, చమత్కారమైన చాటువు వినబడినంతనే శ్రీనాథునికో, తెనాలి రామకృష్ణునికో కట్టిపెట్టుదుము. ఊరు పేరు లేని యొక కవి కష్టమును అట్లు దోచి, ఉన్నవానికే మఱికొంత పెట్టుచున్నాము. ఇది భక్తి యనుకొందుము. సోమరితన మనుట సత్యము.

కావున నేను కోరున దింతియే. పటమైనను, పద్యమైనను, బాలుని వ్యాసమైనను, మొదట దానినే చూడుదము. పిమ్మట ప్రమాణములను పిలుతము. తెలిసినచో పేరు వ్రాయుదము. సందేహమున్నచో సందేహమనియే వ్రాయుదము. తెలియనిచో ఆ చోటు ఖాళీగా విడుతము. నిన్న తప్పు వ్రాసియున్నచో నేడు కొట్టివేయుదము. పేరులేని ఆ కాగితమును నేను ఖాళీగానే యుంచి, ‘దీనిని వ్రాసిన దెవరు?’ అని తరగతిలో అడిగియున్నచో, వెనుకవరుసనుండి ఒక చేయి లేచియుండును.